ఎలుకలు లేని ఇల్లు

అనగనగా ఒక ఊళ్ళో ఎలుకలు లేని ఇల్లు ఒకటి ఉండేదిట.

నవ్వకు. నిజంగా లేవని నేననలేదు, లేవని ఆ ఇంటి పెద్దావిడ అనేది. ఆవిడ పేరు అచ్చియ్యమ్మ. ఆవిడ అన్నదంటే ఊరంతా అన్నట్టే. దుప్పటి సరిగ్గా కప్పుకుని ఊఁ కొడుతూ ఉండు, చెబుతాను. మధ్యలో కాళ్ళు ఆడించావంటే మాత్రం ఆపేస్తాను.

ఆ ఊళ్ళో వాళ్ళందరివీ మెట్ట పొలాలు. కందులు, పెసలు, మినుములు వేసుకునేవాళ్ళు. కోతలయ్యాక మంచి గింజ ఏరి, మళ్ళీ ఏడు విత్తడానికి పక్కన పెట్టుకోవాలి కదా. ఆ విత్తనాన్ని ఎవరింట్లో వాళ్ళు దాచుకునేవాళ్ళు కాదు. బూడిద కలిపి, వేపాకు వేసి, వెదురు బుట్టలో పోసి, మూతికి పేడ మెత్తి, తెచ్చి అచ్చియ్యమ్మకి అప్పగించేవాళ్ళు. ఆవిడ వాటిని అటక మీద పెట్టించేది. తొలకరి పడగానే వచ్చి ఎవరి బుట్ట వాళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు.

ఎందుకంటావా? ఆ ఇంట్లో ఎలుకలు లేవు కాబట్టి.

అచ్చియ్యమ్మ అత్తగారి రోజుల్లో నిజంగానే లేవుట. ఆ ముసలావిడ ఒళ్ళు వంచి పని చేసేది. అటకెక్కి బుట్టలన్నీ జరిపేది. ఆ తర్వాత కింద ఊడ్చేది. ఆ తర్వాత వేపాకు పొగ వేసి, గోడకి సన్న పగులు కనిపించినా గాజుపెంకులు కలిపిన మట్టితో పూడ్చేది. అలా కష్టపడితే ఇంటికి పేరొచ్చింది. ఆ పేరు అచ్చియ్యమ్మ చేతికొచ్చింది. పేరుంది కదా, ఇంకా పనెందుకు అనుకుంది ఆవిడ. అటకెక్కడం మానేసింది. ఎలుకలకి మన పేరుతో ఏం పని? అవి వచ్చేశాయి.

అయినా ఆ ఇంట్లో పిల్లి ఉండేది కాదు. బోను ఉండేది కాదు. పిల్లిని పెంచితే ఎలుకలున్నాయని ఒప్పుకున్నట్టే కదా మరి! ఒప్పుకుంటే ఎలా? ఆవిడ వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. ఊళ్ళో ఎవరి చేలో విత్తినా మొదటి పిడికెడు గింజ ఆవిడ చేత్తోనే చల్లించేవాళ్ళు. ఆ మర్యాద రుచి మరిగింది ఆవిడ.

అలాంటి ఇంటికి కోడలై వచ్చింది వరాలు. కాలవ అవతలి ఊరి పిల్ల. పుట్టిల్లు తాటాకు ఇల్లు. పంపించేటప్పుడు వాళ్ళమ్మ బుగ్గలు నిమిరి, "మన దగ్గర ఇంకేమీ లేదు తల్లీ, మంచివాళ్ళమన్న మాట ఒక్కటే ఉంది. అది పోగొట్టకు" అంది. వరాలు ఆ మాట కొంగున ముడేసుకుని వచ్చింది. ఆమెకి కావలసిందల్లా అదొక్కటే. వాళ్ళమ్మ కూతుర్ని ఎవరూ వేలెత్తి చూపించకూడదు.

మొగుడి పేరు అబ్బులు. మంచివాడే. అమ్మ నిలబడమంటే నిలబడేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు. అంతకు మించిన మంచితనం అతని దగ్గర లేదు.

వరాలు వచ్చిన కొన్నాళ్ళకి ఏమైందీ, ఉట్టి మీద కుండలో పెట్టిన నువ్వుండలు తగ్గిపోయాయి.

"ఉండలు తగ్గాయేంటే?" అంది అచ్చియ్యమ్మ.

"నేను ముట్టుకోలేదండి అత్తయ్యా" అంది వరాలు. ముట్టుకోలేదు కూడా. ఉట్టి కింద వెతికి చూసింది. నల్లగా, సన్నగా ఎలుక పెంటికలు కనిపించాయి. హమ్మయ్య అనుకుంది పిచ్చితల్లి. వాటిని ఆకులో పెట్టి తెచ్చి అత్తకి చూపించి, "ఎలకలు తిరుగుతున్నాయండి. మా ఊరి నించి ఓ పిల్లిపిల్లని తెచ్చుకుందామండి" అంది.

అచ్చియ్యమ్మ ముందు వెళ్ళి వీధి తలుపు మూసింది. అప్పుడు వచ్చి ఆకులోకి చూసింది.

"ఇవా? మాడిన ఆవాలు. పోపు మాడ్చిందీ నువ్వే, ఉండలు మింగిందీ నువ్వే. ఈ ఇంట్లో ఇంకోసారి ఆ మాటన్నావంటే మూతి కాల్చేస్తాను" అంది. ఆకుతో సహా పొయ్యిలో పారేసింది.

అక్కడితో ఊరుకుందా? నూతి దగ్గరికి వెళ్ళి పక్కింటి కోటమ్మతో, "మా కోడలు పిల్లకి నోరు ఊరుకోదమ్మా, చాటుగా తింటాది. పోనీలే, చిన్నపిల్ల" అంది. ఆ పోనీలే ఉంది చూశావూ, అది తిట్టుకంటే చెడ్డది. తిడితే నలుగురూ జాలిపడతారు. పోనీలే అంటే నలుగురూ నమ్ముతారు.

కోటమ్మ నోట్లో పడ్డ మాట ఎక్కడ ఆగుతుంది? మర్నాటికల్లా వీధి వీధంతా, "నువ్వుండలు బావున్నాయా వరాలూ?" అని నవ్వడమే. వరాలు బిందె నెత్తికెత్తుకుని తల వంచుకుని వచ్చేసింది. పెరట్లో గడ్డివాము చాటున కూర్చుని ఏడ్చింది.

ఆ పూట పడుకోబోతుంటే పైన అటక మీద కరకర చప్పుడు. "విన్నావా?" అంది మొగుడితో. "గాలి" అన్నాడు అబ్బులు. "గాలికి పళ్ళుంటాయా?" అంది. అతను అటు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత కొబ్బరి వంతు వచ్చింది. నూనె ఆడించడానికి దాచిన ఎండుకొబ్బరి చిప్పలు గుల్లలైపోయాయి. వరాలే ముందు చూసింది. ఈసారి ధైర్యంగానే ఉంది. ఎందుకంటే చిప్ప అంచు నిండా సన్నటి పళ్ళ గాట్లున్నాయి. పెంటికలు ఆవాలనుకోవచ్చు గాని పళ్ళ గాట్లని ఇంకేమంటారు?

"చూడండత్తయ్యా, ఇంత సన్నటి పళ్ళు మనిషికుంటాయా? సంతలో బోను తెస్తానండి. ఎవరికీ కనపడకుండా గుడ్డ కప్పి పట్టుకొస్తాను" అంది.

"గుడ్డ కప్పినా బోను బోనే" అంది అచ్చియ్యమ్మ. అని ఊరుకోకుండా, గోడ మీంచి కోటమ్మని కేకేసి పిలిచింది. కోటమ్మ వచ్చాక ఒక కొబ్బరి ముక్క వరాలి చేతిలో పెట్టి, "ఏదీ, కొరుకు" అంది.

ఊహించుకో తల్లీ. పెరట్లో నిలబెట్టి, పక్కింటావిడ చూస్తుండగా, పెళ్ళై వచ్చిన పిల్లని కొబ్బరి ముక్క కొరకమనడం! వరాలు కొరికింది. కొరక్కపోతే భయపడింది అంటారు కదా. అచ్చియ్యమ్మ ఆ ముక్కనీ ఈ చిప్పనీ పక్కపక్కన పెట్టి, "చూడు కోటమ్మా, ఒకటే గాట్లు" అంది.

ఒకటి కాదు. గుడ్డివాడు తడిమినా తేడా తెలుస్తుంది. కోటమ్మకీ తెలిసింది. కానీ కోటమ్మ కందుల బుట్ట కూడా ఆ అటక మీదే ఉంది. ఇవి ఎలుక గాట్లని ఒప్పుకుంటే ఆ బుట్ట గుర్తొస్తుంది, గుండె జారిపోతుంది. వరాలి గాట్లంటే ఏ బెంగా లేదు, హాయిగా ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు. అందుకని కోటమ్మ, "అవునమ్మా, అచ్చం అవే" అంది.

అప్పటిదాకా వరాలు తిండిపోతు. అప్పటి నించి దొంగ. చేతివాటం పిల్ల అన్నారు. ఎవరింట్లో అప్పడాలు ఒత్తుతున్నా, ఎవరింట్లో అరిసెలు వండుతున్నా ఆమెని పిలవడం మానేశారు. వరాలి చేతి పాకం ఎంత బాగా కుదిరేదనుకున్నావు! ఆ చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఊఁ కొట్టడం లేదేం? నిద్రొస్తోందా? కోపమొస్తోందా? సరే, కోపమైతే విను.

అప్పుడు వరాలు అనుకుంది, ఇక చెప్పి లాభం లేదు, ప్రాణంతో పట్టి చూపించాలి అని. ఒక కుండ తీసుకుంది. లోపల అంచు చుట్టూ ఆముదం రాసింది. అడుగున కాల్చిన కొబ్బరి ముక్క వేసింది. కుండ పక్కన ఎక్కడానికి వీలుగా ఒక కర్ర ఆనించింది. తెల్లారేసరికి కుండలో ఎలుక ఉంది. గోడ పట్టుకుని ఎక్కబోవడం, జారి పడ్డం. వరాలు మూకుడు మూసి, కుండని గుండెకి హత్తుకుంది. ఎలుకని చూసి అంత సంతోషపడ్డ మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు ఉండరు.

పొద్దున్నే అరుగు మీద ఆడవాళ్ళందరూ అచ్చియ్యమ్మ చుట్టూ చేరతారు. కోటమ్మ కూడా ఉంది. వరాలు కుండ తెచ్చి అందరి మధ్యా పెట్టింది.

"చూడండి. నువ్వుండలు తిన్నదీ, కొబ్బరి తిన్నదీ ఇదే" అంటూ మూకుడు తీసింది.

ఆడవాళ్ళంతా ముందుకు వంగారు. ఆ తోపులాటలో కుండ పక్కకి దొర్లింది. ఎలుక బయటికి దూకింది. దూకి ఎక్కడికి పోతుంది? దాని ఇంటికి అది పోయింది. గడప దాటి, వసారా దాటి, నేరుగా అటక కింది గోడ దగ్గర మాయమైంది.

అచ్చియ్యమ్మ నెత్తి బాదుకుంది. "చూశారా అమ్మా! ఎక్కడో పొలంలో పట్టుకొచ్చి నా ఇంట్లో వదిలింది! ఎలక మొహం ఎరగని ఇల్లు! నా మీద కక్ష గట్టి వదిలిందమ్మా!"

"అవునమ్మా, మా కళ్ళారా చూశాం. కుండ తెచ్చి ఇంట్లోకే వదిలింది, పిచ్చిది" అన్నారు అందరూ.

చూశావా, చూసింది ఒకటే. ఎలుక ఇంట్లోకి పరిగెత్తడం. దాన్ని చూసి, ఇది ఈ ఇంటి ఎలుకే అని ఒక్క మనిషి నోట రాలేదు. తిండిపోతు అన్నారు, దొంగ అన్నారు, ఆ పొద్దున వరాలు పిచ్చిది కూడా అయిపోయింది.

అందరూ వెళ్ళిపోయాక వంటింట్లో అత్తా కోడలూ ఇద్దరే మిగిలారు. అచ్చియ్యమ్మ ముందర తోటకూర పెట్టుకుని ఏరుతోంది. వరాలు ఎదురుగా కూలబడింది.

"మీకు తెలుసు కదండీ అత్తయ్యా" అంది.

అచ్చియ్యమ్మ ఆకు ఏరడం ఆపలేదు. గొంతు పెంచలేదు. "తెలుసు. నువ్వీ గడప తొక్కక ముందు నించీ తెలుసు" అంది.

"మరి?"

"మరేముందే? ఎలకలున్నాయంటే ఈ ఇంటి పరువు పోతాది. కోడలు దొంగంటే ఏం పోతాది? కోడలే కదా."

నాకైతే అక్కడే ఆవిడ మొహాన ఆ తోటకూర కొట్టాలనిపిస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా. వరాలు కొట్టలేదు. ఆమెకి తన సంగతి కంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది.

"మరి విత్తనాలండీ? తొలకరికి ఊరంతా వస్తాది. ఇప్పుడైనా దించి చూద్దామండి. నేనెక్కుతాను, నేనే శుభ్రం చేస్తాను. ఎవరికీ చెప్పను" అంది. చేతులు జోడించింది కూడా.

అచ్చియ్యమ్మ లేచి వెళ్ళి నిచ్చెన తీసి పశువుల కొట్టంలో పెట్టి తాళం వేసింది. వరాలు అబ్బులుని అడిగింది. "అమ్మనడుగు" అన్నాడు. ఆ తర్వాత వరాలికి అడగడానికి మనిషే లేడు. పైన కరకరమంటూనే ఉంది. కింద వరాలు వింటూనే ఉంది.

తొలకరి పడింది. నేల తడిసి కమ్మటి వాసన వేసింది. ఊళ్ళో వాళ్ళంతా అరకలు కట్టుకుని, నవ్వుకుంటూ, తలపాగాలు చుట్టుకుని అచ్చియ్యమ్మ వాకిట్లోకి వచ్చారు. అబ్బులు నిచ్చెన వేసి అటకెక్కాడు. వరాలు వసారా స్తంభానికి ఆనుకుని నిలబడింది. భయమంతా ఆమెదే. తప్పు చేసిన వాళ్ళు ధీమాగానే ఉన్నారు.

ముందు కోటమ్మ కందుల బుట్ట దించాడు. ఒంటి చేత్తో దించాడు. ఇద్దరు మోసి తెచ్చిన బుట్ట అది. మూతికి మెత్తిన పేడ మెత్తినట్టే ఉంది. అది పగలగొట్టి వంచితే బూడిదా, పొట్టూ రాలాయి. అడుగున చెయ్యి పట్టేంత కన్నం.

ఆ తర్వాత పెసల బుట్ట దించాడు. అందులోనూ పొట్టే.

ఆ తర్వాత మినుముల బుట్ట దించాడు. అది కింద పెట్టగానే కదిలింది. అడుగు నించి ఎలుకలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. జనం కాళ్ళ సందుల్లోంచి పరుగులు. బుట్టలో మిగిలినవి కళ్ళు తెరవని ఎర్రటి పిల్లలు.

అందరూ అచ్చియ్యమ్మ వైపు చూశారు. వరాలు కూడా చూసింది. తల్లీ, ఆమెకి ఆ క్షణంలో ఆశ పుట్టింది. ఊరంతా చూసింది కదా, ఇక అత్త ఏమంటుంది? ఒప్పుకుని తీరాలి కదా!

అచ్చియ్యమ్మ ఒకసారి బుట్టలోకి చూసింది. అంతే. అప్పుడు వేలు చాపి వరాలిని చూపించింది.

"అదిగో! ఆ రోజు మీరంతా చూస్తుండగా ఇది కుండలో తెచ్చి వదిలిన ఎలకే. పిల్లల్ని పెట్టింది. నా ఇల్లు గుల్ల చేసింది. ఊరి నోట్లో మన్ను కొట్టింది!"

వెనకాల ఒక ముసలాయన, "ఒక్క ఎలక ఇన్ని బుట్టలు తింటాదా?" అని నసిగాడు.

"తినగా మిగిలింది కాలవ దాటింది బాబూ. దీని పుట్టింట్లో చూసుకోండి" అంది అచ్చియ్యమ్మ.

అప్పుడు ఆ జనం ఎలా ఊపిరి పీల్చుకున్నారో చెప్పనా? హమ్మయ్య అన్నట్టు పీల్చుకున్నారు. ఎలుకలు తిన్నాయంటే తాము ఇన్నాళ్ళూ మోసపోయిన వాళ్ళవుతారు. ఎలుకని పట్టుకుని ఏం తిడతారు? దొంగ ఉందంటే తిట్టడానికి ఒక మనిషి దొరికింది. "దీని కడుపు కాలా, మా కందులు!" అని కోటమ్మ మొదలుపెట్టింది. ఆ తర్వాత అందరూ అందుకున్నారు.

వరాలు వాళ్ళ వైపు చూడలేదు. నిచ్చెన మీద నిలబడ్డ మొగుడి వైపు చూసింది.

"నువ్వు చెప్పు. పైన చప్పుడు ఎప్పటి నించి ఉంది? మనిద్దరం విన్నాం కదా" అంది.

ఊరంతా అబ్బులు వైపు చూసింది. అబ్బులు అమ్మ వైపు చూశాడు.

"నాకేం వినపళ్ళేదు" అన్నాడు.

దొంగ అన్నప్పుడు ఏడ్చిన పిల్ల, పిచ్చిది అన్నప్పుడు ఏడ్చిన పిల్ల, ఆ మాటకి ఏడవలేదు. మెట్లు దిగి వాకిలి మధ్యకి వచ్చింది. అందరూ చూస్తుండగా కొంగు దులిపింది. రొంటిన దోపుకున్న సంచీ తీసి తిరగేసి చూపించింది. రెండు చేతులూ చాపి, "చూసుకోండి. ఈ ఇంటిది ఒక్క గింజ కూడా పట్టుకెళ్ళట్లేదు" అంది.

కోటమ్మ ఊరుకుందా? నిజంగానే దగ్గరికొచ్చి వరాలి నడుం తడిమి చూసింది. జుట్టు ముడి కూడా నొక్కి చూసింది. ఏమీ దొరక్కపోతే, "ముందే చేరేసి ఉంటాది" అంది.

వరాలు కాలవ దాటి పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. కబురు ముందే చేరిపోయింది, చెడ్డ కబురు కదా. కూతుర్ని చూసి చాట కింద పెట్టి, తలుపు దగ్గరికి వేసి, చిన్న గొంతుతో అడిగింది. "నిజం చెప్పు వరాలూ. ఏవన్నా తీశావా?"

అమ్మ అడిగింది తల్లీ ఆ మాట. అమ్మ. అప్పుడు ఏడ్చింది వరాలు. వాళ్ళమ్మ కూడా నాలుక కరుచుకుని, కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. కానీ అడిగిన మాట అడిగినట్టే ఉండిపోయింది ఆ ఇంట్లో. దాన్ని ఎవరు ఊడ్చి పారేస్తారు?

ఇటు ఈ ఊళ్ళో ఏమైందీ, అందరూ కలిసి కర్రలు పుచ్చుకుని దొరికిన ఎలుకల్ని దొరికినట్టు చంపారు. అచ్చియ్యమ్మ ఇల్లు కడిగించి, ముగ్గు పెట్టించి, "దొంగా పోయింది, ఎలకలూ పోయాయి" అంది. మళ్ళీ ఎలుకలు లేని ఇల్లయిపోయింది. పక్కూళ్ళ విత్తనంతో ఆ ఏడు ఎలాగో గట్టెక్కారు. కోతలయ్యాక మళ్ళీ ఏం చేశారనుకున్నావు? బూడిద కలిపి, వేపాకు వేసి, బుట్టలకి పేడ మెత్తి, అచ్చియ్యమ్మకే అప్పగించారు. కోటమ్మ అందరికంటే ముందు తెచ్చింది.

అబ్బులుకి మళ్ళీ పెళ్ళి చేశారు. కొత్త కోడలి పేరు నీలమ్మ. పల్చటి పిల్ల, పెద్ద పెద్ద కళ్ళు.

వరాలు కూలికి నాట్లు వేసి, కలుపు తీసి బతికింది. ఎవరి చేలోనైనా పని ఇచ్చేవాళ్ళు గాని, ఇంట్లోకి రమ్మనేవాళ్ళు కాదు. నీళ్ళు కూడా గుమ్మం బయటే పోసేవాళ్ళు. ఇలా ఉండగా ఒక సంత రోజున వరాలు ఉప్పు కొనడానికి వెళ్ళింది. జనం కిటకిటలాడుతున్నారు. రెండూళ్ళ వాళ్ళూ ఉన్నారు. అక్కడ చింతపండు బుట్ట పక్కన కూర్చుని ఉంది నీలమ్మ. కాస్త అవతల అచ్చియ్యమ్మ బెల్లం బేరమాడుతోంది.

నీలమ్మ మడమకి గుడ్డ కట్టుకుంది. గుడ్డ మీద ఎర్రటి మరక.

వరాలికి చూడగానే తెలిసిపోయింది. ఎలుక నిద్రలో ఉన్న మనిషి మడమ కొరుకుతుంది. ఊదుతూ కొరుకుతుంది, అందుకని నొప్పి తెలియదంటారు. అక్కడిదాకా వచ్చాయన్న మాట. ఇంకేముంది, అటక మీద గింజ అయిపోయి ఉంటుంది.

ఆలోచించు తల్లీ. ఇంత దూరంలో ఉంది ఆ గుడ్డ. వరాలు వంగి ఆ ముడి లాగేస్తే చాలు. "చూడండి, ఇదీ ఆ ఇంటి సంగతి! నేను కాలవ దాటి వచ్చేశాను కదా, మరి ఇదెవరు కొరికారు?" అని ఒక్క కేక వేస్తే చాలు. రెండూళ్ళూ వింటాయి. పోయిన పేరు తిరిగొస్తుంది. వాళ్ళమ్మ తలెత్తుకుని తిరుగుతుంది. ఇన్నాళ్ళూ వరాలు అన్నం ముందు కూర్చున్నా, నాట్ల బురదలో నిలబడ్డా కోరుకున్నది అదే.

"కాలికేమైందమ్మా?" అంది వరాలు. గట్టిగానే అంది.

పక్కనున్న వాళ్ళు తిరిగి చూశారు. ఈమె ఎవరో నీలమ్మ పోల్చుకుంది. పెద్ద కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. అత్త వైపు ఒకసారి చూసింది, వరాలి వైపు చూసింది, పాదం చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. చెప్పొద్దు అని నోరు తెరిచి అనలేదు. ఆ పిల్ల మొహమంతా అదే అంది. ఇప్పుడు ఇక్కడ ఆ గుడ్డ విప్పితే, ఇంటికెళ్ళాక ఆ పిల్ల గతేమిటో వరాలికంటే బాగా ఎవరికి తెలుసు?

"ముల్లు గుచ్చుకుందక్కా" అంది నీలమ్మ.

వరాలు ఆ పాదం మీంచి చూపు తిప్పుకుంది. ఆ తర్వాత అందరికీ వినపడేలాగే, "ముల్లే. పసుపూ నూనే కాచి పెట్టుకో, మానిపోతాది" అంది. అని ఇటు తిరిగింది.

తిరిగి ఇంకా పట్టుమని పది అడుగులు వెయ్యలేదు, వెనక నించి అచ్చియ్యమ్మ గొంతు వినిపించింది. "ఎవత్తె అది? ఎవరితోనే మాటలు?"

"ఆ దొంగది అత్తయ్యా. నేను బుట్ట దగ్గరికి లాక్కున్నాలెండి" అంది నీలమ్మ.

"మంచి పని చేశావు. బుద్ధిమంతురాలివి" అంది అచ్చియ్యమ్మ.

ఆ మాట కోసమే కదా తల్లీ వరాలు ఆ ఇంటికి వెళ్ళింది. ఆమె చెవిలో పడనే పడింది, ఇంకొకరి పేరున. ఉప్పు మూట నెత్తికెత్తుకుని, కాలవ గట్టు పట్టుకుని ఇంటికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఎందుకు చెప్పలేదు అంటావా? అదే నేనూ అడుగుతాను, కథ చెప్పినప్పుడల్లా. నీలమ్మ అలా అనొచ్చా అంటావా? అనకూడదు. అంది. ఆ పిల్ల ఆ రాత్రి ఆ ఇంట్లోనే పడుకోవాలి కదా. నువ్వు కళ్ళు మూసుకో ఇంక. పాదాలు దుప్పట్లో పెట్టుకో.

గింజ పోయింది కన్నానికి,
నింద పోయింది వరాలికి,
మర్యాద మిగిలింది అత్తకి,
మాట మిగిలింది మనకి.
కథేమో నడిచింది కంచికి,
మనమేమో చేరాం మంచానికి.